మధ్యయుగ యూరప్ జనం బతుకు చదవాలంటే దేనితో మొదలుపెట్టాలి? ఏడు ఆధారాల పోలిక

1320లో దక్షిణ ఫ్రాన్స్‌లో బేయాత్రీస్ ద ప్లానిసోల్ అనే వితంతువును మత విచారణ కోసం పట్టుకున్నారు. ఆమె దగ్గరున్న సామాను సోదా చేస్తే రెండు బొడ్డుతాళ్లు, నెత్తుటి మరకలున్న గుడ్డలు, సాంబ్రాణి గింజలు, ఒక అద్దం, చిన్న కత్తి, ఎండిన రొట్టె ముక్క దొరికాయి. ఇవన్నీ చేతబడి సామానేమోనని బిషప్‌కు అనుమానం. ఆమె ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. బొడ్డుతాళ్లు కూతుళ్లకు పుట్టిన మనవళ్లవి. అవి దగ్గరుంటే కోర్టు వ్యాజ్యంలో ఓడిపోమని ఎవరో చెబితే దాచుకుంది. గుడ్డ మీది నెత్తురు కూతురి తొలి ముట్టుది. అది కాస్త అల్లుడి చేత తాగిస్తే వాడు ఇంకో ఆడదాని వంక చూడడని ఆమె నమ్మకం.

ఎండిన బొడ్డుతాడు తాయెత్తులో పెట్టి పసివాడి మొలకు కట్టే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. ఆ జాబితా మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. అప్పటికి రెండేళ్లుగా యూరప్ మధ్యయుగం చదువుతూనే ఉన్నాను. రాజులు, పోపులు, క్రూసేడ్‌లు, ఏ యుద్ధం ఏ సంవత్సరంలో జరిగిందో అన్నీ వచ్చు. పల్లెలో ఒక ఇల్లాలు తన సంచిలో ఏం పెట్టుకు తిరిగేదో మాత్రం తెలియదు. తప్పు తలుపు తట్టానని అప్పుడు అర్థమైంది.

ఆ రెండేళ్లు మీకు కలిసిరావాలనే ఇది రాస్తున్నాను. సమాజం, మతం, రోజువారీ బతుకు ఈ మూడింటి మీద ఆసక్తి ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తేలక ఆగిపోయినవాళ్లకు నేను చదివిన ఏడు మూలాధారాలను పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఇవి చరిత్రకారులు తర్వాత రాసిన పుస్తకాలు కావు, ఆ కాలం మనుషులు వదిలివెళ్లిన కాగితాలు, తోలుపత్రాలు, బెరడు ముక్కలు, ఎముకలు. మూలం ఒకటి చేతికి అందాక పుస్తకాలు ఎంచుకోవడం తేలిక. తలకిందులుగా చేస్తే నాలాగే రెండేళ్లు పోతాయి.

## ముందు తేల్చుకోవలసినవి

మధ్యయుగం అంటే దాదాపు వెయ్యేళ్లు, 5వ శతాబ్దం నుంచి 15 దాకా. ఐస్‌లాండ్ నుంచి సిసిలీ దాకా. అంతా చదవాలనుకునేవాళ్లు ఏదీ చదవలేరు. ఒక చోటు, ఒక యాభై ఏళ్లు పట్టుకోండి. ఆ తర్వాత ఏ ఆధారాన్నయినా కొన్ని ప్రశ్నలతో తూచాలి.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: కలం ఎవరి చేతిలో ఉంది? పన్ను వసూలు చేసేవాడు రాస్తే ఎద్దులు కనిపిస్తాయి, ఆడవాళ్లు కనిపించరు. బిషప్ రాయిస్తే పాపాలు కనిపిస్తాయి, పంటలు కనిపించవు. నేను ఈ ఒక్క ప్రశ్నకు మిగతా అన్నిటికీ కలిపి ఇచ్చినంత బరువు ఇస్తాను.

రెండోది, దూరం. వెయ్యి ఊళ్లను ఎత్తు నుంచి చూడాలనుందా, ఒక్క ఇంటి గడపలో కూర్చోవాలనుందా? రెండూ ఒకే కాగితంలో దొరకవు.

మూడోది, భాష. అసలు రాతలు లాటిన్‌లో, పాత ఇటాలియన్‌లో, పాత రష్యన్ మాండలికంలో ఉంటాయి. మనకు దిక్కు ఇంగ్లీషు అనువాదమే. అది ఉందా, మొత్తం ఉందా, కొన్ని భాగాలే ఉన్నాయా చూసుకోవాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంట్లో కూర్చుని, డబ్బు పెట్టకుండా చదవగలమా అన్నది కూడా దీంతో ముడిపడినదే.

ఇంకొకటి, ముందు ఎంత తెలిసి ఉండాలన్నది. కొన్ని ఆధారాలు మొదటి పేజీ నుంచే చేరదీస్తాయి. కొన్ని యాభై మాటల పరిభాష నేర్చుకుంటే తప్ప నోరు విప్పవు.

| ఆధారం | కాలం, చోటు | కలం ఎవరిది | దేంట్లో బలం | ఏది కనపడదు | మొదలుపెట్టడం |
|---|---|---|---|---|---|
| డూమ్స్‌డే సర్వే | 1086, ఇంగ్లండ్ | రాజు అధికారులది | భూమి, అరకలు, పిండిమరలు, ఊళ్ల లెక్క | ఆడవాళ్లు, పిల్లలు, నమ్మకాలు | తేలిక |
| మేనరు (దొర భూమి) కోర్టు చుట్టలు | 13వ శతాబ్దం నుంచి, ఇంగ్లండ్ | దొర గుమాస్తాది | పల్లె తగాదాలు, పెళ్లి, చావు, అప్పు | మనసులో మాట | పరిభాష కావాలి |
| ఫూర్నియే విచారణ పుస్తకం | 1318–1325, దక్షిణ ఫ్రాన్స్ | బిషప్ లేఖకులది | మాట, నమ్మకం, ఇంటి గుట్టు | భయం లేని మాట | వెంటనే పట్టేస్తుంది |
| రిగో తనిఖీ దినచర్య | 1248–1269, నార్మండీ (ఉత్తర ఫ్రాన్స్) | ఆర్చిబిషప్‌ది | మఠాల అసలు తీరు | మామూలు భక్తుడు | మధ్యస్థం |
| దాతీనీ ఉత్తరాలు | 14వ శతాబ్దం చివర, ఇటలీ | వర్తకుడిది, భార్యది | పట్నం ఇల్లు, డబ్బు, దాంపత్యం | పల్లె | తేలిక |
| బెరడు ఉత్తరాలు, తవ్వకాలు | 11–15 శతాబ్దాలు, పలు చోట్ల | మామూలు మనిషిది, లేదా ఎవరిదీ కాదు | చేతి రాత, వస్తువు, ఒళ్లు | ముందువెనకల కథ | తేలిక, కానీ తునకలు |
| లట్రెల్ ప్రార్థనల పుస్తకం | 14వ శతాబ్దం మొదటి సగం, ఇంగ్లండ్ | దొర డబ్బిచ్చిన చిత్రకారులది | పనిముట్లు, బట్టలు, వంట | చెమట, మురికి | చాలా తేలిక |

## డూమ్స్‌డే: ఎత్తు నుంచి చూపు

1085 క్రిస్మస్‌కు గ్లాస్టర్‌లో సభ తీర్చిన విలియం రాజు, తాను గెలుచుకున్న దేశంలో ఎవరి చేతిలో ఎంత ఉందో లెక్క తీయమన్నాడు. మరుసటి ఏడాదికి 13 వేలకు పైగా ఊళ్ల వివరాలు చేరాయి. ఒక ఎద్దు, ఒక ఆవు, ఒక పంది కూడా లెక్క తప్పలేదని ఆనాటి ఒక సన్యాసి బాధతో రాసుకున్నాడు. ఊరికి ఎన్ని అరకలు, ఎంత పచ్చిక, మర ఉంటే ఏడాదికి ఎంత రాబడి, రైతులు ఎందరు, గుడిసెవాసులు ఎందరు, బానిసలు ఎందరు, విలువ 1066లో ఎంత, ఇప్పుడెంత: ఇదీ వరస. నమోదైన మనుషుల్లో పదిమందిలో ఒకరు బానిస. ఫ్యూడల్ వ్యవస్థ పాఠంలో దొర, అతని భూమికి కట్టుబడిన కట్టు రైతు మాత్రమే ఉంటారనుకున్న నాకు అది పెద్ద దెబ్బ.

మన దగ్గర కరణం గ్రామ లెక్కలు చూసినవాళ్లకు ఇది పరాయిగా అనిపించదు. అందులో ఉన్న లోపమూ అదే. శిస్తు కట్టని వస్తువు దీనికి కనపడదు. లండన్, వించెస్టర్ నగరాలు లేవు, ఉత్తరాన కొన్ని ప్రాంతాలు లేవు. నమోదైనవాళ్లు సుమారు 2.7 లక్షల మంది. వాళ్లు ఎక్కువగా ఇంటి పెద్దలు కాబట్టి భార్యాబిడ్డలు ఎందరో మనమే ఊహించాలి. యార్క్‌షైర్ ఊళ్ల దగ్గర మాటిమాటికీ ‘పాడు’ అన్న ఒక్క మాట కనిపిస్తుంది. 1069–70 చలికాలంలో రాజు సేన తగలబెట్టిన నేల అది. ఆకలితో చచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఒక్కటీ లేవు.

మొత్తం ఇంగ్లీషు అనువాదం ఉంది, ఊరి పేరు కొట్టి ఉచితంగా చూసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు ఇది నా మొదటి సలహా. మీరు అద్దెకున్న చోటి పేరు వెతకండి. చాలాసార్లు దొరుకుతుంది. తొమ్మిది వందల ఏళ్ల కిందట అక్కడ ఎన్ని నాగళ్లు తిరిగేవో తెలిశాక, బస్సు కిటికీలోంచి ఆ పొలాల్ని చూడటం వేరుగా ఉంటుంది.

## మేనరు కోర్టు చుట్టలు: పల్లె తగాదాల ఖజానా

ఈ ఏడింటిలో జనం అతి తక్కువగా ముట్టుకునేది ఇదే, చదివినకొద్దీ పెరిగేదీ ఇదే. ఇంగ్లండ్‌లో ఒక్కో దొర భూమికి ఒక్కో కోర్టు ఉండేది. చాలాచోట్ల మూడు వారాలకోసారి కూర్చునేది. ఎవరి పశువు ఎవరి చేనులో పడింది, ఎవరు పొలం గట్టు జరిపారు, ఎవరు ఎవరిని కొట్టారు, ఎవరు బీరు కొలత తగ్గించి అమ్మారు, అన్నీ గుమాస్తా లాటిన్‌లో తోలుపత్రం మీద ఎక్కించి చుట్ట చుట్టేవాడు.

కట్టు రైతు కూతురు పెళ్లి చేసుకోవాలంటే దొరకు రుసుము కట్టాలి. దాని పేరు మర్చెట్. పెళ్లి కాకుండా తిరిగిన ఆడపిల్లకు జరిమానా వేరే ఉంది. రైతు చనిపోతే ఇంట్లోని మేలైన పశువు దొరకు పోతుంది, అది హెరియట్. ఈ మాటలు విన్నప్పుడు మన బుర్రలో ఉండే బొమ్మ ఒకటే: నోరెత్తని జనం. చుట్టలు చదివితే ఆ బొమ్మ నిలవదు. ఆ జనమే పొలాలు కొంటారు, అమ్ముతారు, కౌలుకిస్తారు, అప్పులిస్తారు, ఒకళ్ల మీద ఒకళ్లు దావాలు వేస్తారు, ముసలి తల్లిదండ్రులకు ఏడాదికి ఎన్ని కుంచాల గింజలు ఇవ్వాలో ఒప్పందం రాయించుకుంటారు. బీరు కాచి అమ్మే ఆడవాళ్ల పేర్లు కోర్టు తర్వాత కోర్టులో వస్తూనే ఉంటాయి. చాలాచోట్ల ఆ జరిమానా శిక్షకంటే లైసెన్సు రుసుములా పనిచేసింది.

1349 నాటి చుట్టలు చేతిలోకి తీసుకునే ముందు కాస్త మనసు గట్టి చేసుకోండి. పెద్ద ప్లేగు ఏడాది అది. హెరియట్ వసూలు కావాలి కాబట్టి గుమాస్తా ప్రతి చావూ రాశాడు. ఫలానావాడు చనిపోయాడు, ఆవు తీసుకున్నాం, కొడుకు వచ్చి భూమి పట్టాడు. తర్వాతి కోర్టులో ఆ కొడుకూ పోయాడు. వారసుడెవరూ రాలేదు. జాలి మాట ఒక్కటీ ఉండదు, చదివేవాడి గొంతు పూడుకుపోతుంది.

ఈ కాగితాలకు ఎంత బలముందో ఆ రైతులకు తెలుసు. 1381 తిరుగుబాటులో వాళ్లు చాలాచోట్ల చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఈ చుట్టల్ని తెచ్చి మంటలో వేయడం.

చిక్కు ఏమిటంటే పరిభాష. పైన చెప్పినలాంటి మాటలు నలభై యాభై పట్టుబడాలి. డబ్బు లెక్క కూడా అలవాటు కావాలి: 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. వందేళ్ల కిందట అచ్చయిన కొన్ని అనువాదాలు కాపీరైటు తీరి ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి ఖర్చు లేదు. ఓపిక ఉండాలి. ఒక్క ఊరు ఎంచుకుని ఒక పదేళ్ల కోర్టులు వరసగా చదవండి. మొదటి రెండేళ్లు పొడి జాబితాలా ఉంటాయి. మూడో ఏడాదికి ఎవరికి ఎవరంటే పడదో మీకే తెలుస్తుంది.

## ఫూర్నియే విచారణ పుస్తకం: భయం మధ్యలో పలికిన మాటలు

బేయాత్రీస్ సంచి కథ వచ్చింది ఇక్కడి నుంచే. పామియే బిషప్ జాక్ ఫూర్నియే 1318 నుంచి 1325 దాకా తన పరిధిలోని కొండ పల్లెల్లో చర్చి ఒప్పుకోని కథార్ నమ్మకాలున్నవాళ్లను పిలిపించి ప్రశ్నించాడు. మొత్తం 98 కేసులు, 578 సార్లు ప్రశ్నించడం, 370 రోజుల పని. ఈయనే 1334లో 12వ బెనెడిక్ట్ పేరుతో పోప్ అయ్యాడు. అందుకే ఆ పుస్తకం వాటికన్ గ్రంథాలయానికి చేరి బతికింది.

ఫూర్నియే వివరాలకు మొండిగా పట్టుబట్టే మనిషి. ఎవరు చెప్పారు, ఎక్కడ కూర్చుని చెప్పారు, పొయ్యి పక్కనా, ఇంకెవరున్నారు అని అడుగుతూనే ఉంటాడు. ఆ పట్టుదల వల్ల మనకు మోంతాయూ అనే రెండు వందల యాభై మంది ఊరు ఇంటింటికీ తెలిసిపోయింది. ఎండలో కూర్చుని ఒకళ్ల తలలో ఒకళ్లు పేలు చూస్తూ మతం గురించి మాట్లాడుకునే ఆడవాళ్లు. చలికాలం మంద తోలుకుని కొండలు దాటి కాటలోనియా వెళ్లే పియేర్ మోరీ అనే గొర్రెలకాపరి. ఊరి చర్చి గురువుగా ఉంటూనే కథార్లను కాపాడుతూ, ఊళ్లో ఎందరో ఆడవాళ్లతో సంబంధాలు నడిపిన పియేర్ క్లేర్గ్. అతని ప్రియురాళ్లలో బేయాత్రీస్ ఒకరు. ఆత్మ అంటే ఒట్టి నెత్తురేనని నమ్మిన రైతు కూడా ఇందులో ఉన్నాడు. మధ్యయుగంలో అందరూ చర్చి చెప్పింది తలూపి నమ్మారన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు నాకు దొరకలేదు.

అయితే గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. ఈ మాటలన్నీ జైలుకు భయపడుతున్న మనుషులవి. ఐదుగురిని మంటల్లో కాల్చారు. బేయాత్రీస్ ఏడాదికి పైగా జైల్లో ఉండి, బట్టల మీద పసుపుపచ్చ శిలువలు కుట్టుకు తిరగాలన్న షరతుతో బయటపడింది. పైగా వాళ్లు మాట్లాడింది ఆక్సితాన్ భాష, లేఖకుడు రాసింది లాటిన్, మనం చదివేది ఇంగ్లీషు. ఒక నవ్వు, ఒక సందిగ్ధం ఈ రెండు జల్లెళ్లలో ఎక్కడో పోయుంటుంది. ప్రతి పేరాకూ ముందు ‘ఏం అడిగితే ఈ మాట వచ్చింది?’ అని పెన్సిలుతో రాసుకోవడం నాకు పనికొచ్చిన పద్ధతి.

ఫ్రెంచి అనువాదం మొత్తం ఉంది. ఇంగ్లీషులో కొన్ని వాంగ్మూలాలు ఉచితంగా దొరుకుతాయి, వాటిలో బేయాత్రీస్‌ది ఒకటి. మొదలుపెట్టడానికి ఆ కొన్ని చాలు.

## రిగో తనిఖీలు: నియమం ఒకటి, నడక ఒకటి

మతం గురించి చదవాలని వచ్చేవాళ్లు సాధారణంగా 6వ శతాబ్దపు పునీత బెనెడిక్టు మఠ నియమావళి దగ్గర మొదలుపెడతారు. 73 చిన్న అధ్యాయాలు. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు ప్రార్థించాలి, జబ్బుపడ్డవాళ్లు తప్ప నాలుగుకాళ్ల జంతువు మాంసం తినకూడదు, ఇలా ఉంటుంది. చదవండి, మంచిదే. కానీ వంట పుస్తకం చూసి ఒక ఇంట్లో రోజూ ఏం వండుతారో చెప్పలేం కదా. దాని పక్కనే రువాన్ ఆర్చిబిషప్ యూద్ రిగో దినచర్య పెట్టుకోవాలి.

రిగో ఫ్రాన్సిస్కన్ సన్యాసి. 1248 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు నార్మండీ అంతా తిరిగి మఠాలు, విచారణలు (అంటే ఒక్కో చర్చి గురువు కింది పారిష్‌లు) తనిఖీ చేశాడు. చూసింది చూసినట్టు రాయించాడు: ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న సన్యాసులు మాంసం తింటున్నారు, ఇక్కడ అప్పు ఇంత, ఈ గురువు తాగుతాడు, ఈయనకు ఫలానా ఆమెతో సంబంధమని చెప్పుకుంటున్నారు. మఠకన్యలు చిన్న కుక్కల్ని, పిట్టల్ని, ఉడుతల్ని పెంచుకుంటుంటే తీసేయమన్నాడు. ఆ ఉడుతల దగ్గర నేను ఆగిపోతాను. పదేళ్ల వయసులో ఇంట్లోవాళ్లు తెచ్చి వదిలిన అమ్మాయి ఒక ఉడుతను సాకడం పాపం కింద లెక్కకెక్కింది.

తెలుగు కతోలిక కుటుంబాల్లో పెరిగినవాళ్లకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. దివ్యపూజ, పాపసంకీర్తనం, విచారణ గురువు అన్న మాటలు మీకు కొత్త కాదు. ఏడాదికోసారైనా పాపసంకీర్తనం చేయాలన్న నియమం 1215లో రోములో జరిగిన లాటరన్ చర్చి సభలో వచ్చిందని తెలిస్తే, ఇంట్లో విన్న మాటకు ఒక తేదీ దొరుకుతుంది. మిగతావాళ్లు ముందు ఈ పరిభాష పది పదిహేను మాటలు నేర్చుకోవాలి.

మామూలు భక్తుడు మాత్రం రిగో దగ్గర దొరకడు. దానికి మరో చోటికి పోవాలి. 13వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని లియోన్ ఊరికి ఉత్తరాన డొమినికన్ బోధకుడొకడికి, ఆడవాళ్లు జబ్బు పిల్లల్ని ఎత్తుకుని గీన్‌ఫోర్ అనే పునీతుడి సమాధికి పోతున్నారని తెలిసింది. ఎవరా పునీతుడని ఆరా తీస్తే, అది వేటకుక్క. ఉయ్యాలలో బిడ్డను కాటేయబోయిన పామును చంపింది. నెత్తుటి మూతి చూసి, బిడ్డనే చంపిందనుకుని యజమాని దాన్ని నరికేశాడు. చదువుతూనే మీకు గుర్తొచ్చి ఉంటుంది: ఇది మన పంచతంత్రంలోని ముంగిస కథ. చేతులు మారుతూ పడమరకు వెళ్లి, అక్కడ ఒక కుక్కను దేవుణ్ని చేసింది. బోధకుడు ఎముకలు తవ్వించి కాల్పించాడు, చెట్లు కొట్టించాడు. అయినా ఆ మొక్కు వందల ఏళ్లు సాగింది.

## దాతీనీ ఉత్తరాలు: పట్నం ఇంటి లోపల

పల్లెలు, మఠాలు వద్దు, డబ్బూ కాపురమూ కావాలంటే ఇది. ఫ్రాంచెస్కో దాతీనీ ఫ్లోరెన్స్ పక్కనున్న ప్రాతో పట్టణం వర్తకుడు. 1348 ప్లేగులో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, అవిన్యోన్‌లో వ్యాపారం చేసి పెద్దవాడయ్యాడు. 1410లో పోయాడు. ఒక్క కాగితం పారేయవద్దని గుమాస్తాలకు చెప్పేవాడు. దాదాపు లక్షన్నర ఉత్తరాలు, వందల ఖాతా పుస్తకాలు ఆయన ఇంట్లోనే మరుగునపడి 1870లో బయటపడ్డాయి. ఖాతా పుస్తకం మొదట్లో దేవుడి పేరున, లాభం పేరున అని రాసుకునేవాడు. మనవాళ్లు కొత్త లెక్కల పుస్తకం మీద పసుపు బొట్టు పెట్టి ‘శుభం, లాభం’ రాసినట్టు.

నాకు ఇందులో ప్రాణం ఆయన కాదు, ఆయన భార్య మార్గెరీతా. మొదట్లో వేరేవాళ్ల చేత ఉత్తరాలు రాయించేది. ముప్పై దాటాక సొంతంగా రాయడం నేర్చుకుంది. పిల్లలు పుట్టలేదు. ఇంట్లోని బానిస పిల్లకు భర్త వల్ల పుట్టిన జినెవ్రాను తనే పెంచింది. గుర్రం మేత, పిండి మర, దుస్తులు, ప్లేగు భయం, భర్త కోపం, దానికి తన జవాబు, అన్నీ ఆమె ఉత్తరాల్లో ఉన్నాయి. ఇంగ్లీషు అనువాదం ఉంది. నవల చదివినంత సులువుగా చదవొచ్చు.

ఒక్క జాగ్రత్త: ఇది డబ్బున్నవాళ్ల ఇల్లు. ఆ బానిస పిల్ల రాసిన ఉత్తరం ఒక్కటీ లేదు.

## బెరడు, కర్ర, ఎముక

1951 జులై 26న రష్యాలోని నొవ్‌గొరొద్‌లో తవ్వుతుంటే భూర్జ చెట్టు బెరడు మీద గీకిన ఉత్తరం దొరికింది. తడి మట్టిలో గాలి సోకక అది చెడలేదు. అప్పటి నుంచి వెయ్యికి పైగా బయటపడ్డాయి. మన తాళపత్రం మీద గంటంతో రాసినట్టే, సిరా లేకుండా మొనతో గీకినవి. అప్పు తీర్చు, చేపలు పంపు, పెళ్లి సంబంధం చూడు వంటి మాటలు. 11వ శతాబ్దం చివరిది ఒకటుంది. ఈ వారంలో మూడుసార్లు కబురు పెట్టాను, నా మీద ఏం కోపం, ఎందుకు రాలేదని ఒక అమ్మాయి అడుగుతుంది. ఆ బెరడు చింపి ముడి వేసి పారేసి ఉంది. 13వ శతాబ్దంలో ఒన్‌ఫీమ్ అనే ఆరేడేళ్ల పిల్లాడు అక్షరాలు దిద్దుతూ మధ్యలో విసుగు పుట్టి గుర్రం మీద తనని తాను వీరుడిగా బొమ్మ గీసుకున్నాడు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు వాళ్లకు ఆ బొమ్మ చూపించండి.

నార్వేలోని బెర్గెన్‌లో 1955 అగ్నిప్రమాదం తర్వాత తవ్వితే ఇలాగే రూన్ అనే పాత ఉత్తర యూరప్ లిపి చెక్కిన కర్రలు వందలు దొరికాయి. ఒకదాని మీద ఉన్నది ఇంతే: గీదా నిన్ను ఇంటికి రమ్మంటోంది.

రాతే లేని జనం కోసం యార్క్‌షైర్‌లోని వారమ్ పర్సీ ఉంది. పాడుబడ్డ ఊరు. 1950 నుంచి 1990 దాకా ప్రతి వేసవీ తవ్వారు. చర్చి ఆవరణలో తీసిన దాదాపు 700 మంది ఎముకల్ని పరీక్షించి, పిల్లలు ఏడాదిన్నర దాకా తల్లిపాలు తాగేవారని కూడా చెప్పగలిగారు. ఏ రాతలోనూ దొరకని సంగతి అది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు డబ్బు కట్టకుండా వెళ్లి చూడొచ్చు.

ఇవి తునకలు. ముందు ఏమైంది, తర్వాత ఏమైంది అని చెప్పవు. దీనితోనే మొదలుపెడితే మనసు నిండుతుంది, పట్టు దొరకదు. రెండో ఆధారంగా మాత్రం దీనికి మించింది లేదు.

## బొమ్మలు

లింకన్‌షైర్ దొర సర్ జెఫ్రీ లట్రెల్ చేయించుకున్న ప్రార్థనల పుస్తకం అంచుల్లో దున్నడం, చల్లడం, కోయడం, పిండిమరకు మూటలు మోయడం, వంటశాల అన్నీ ఉన్నాయి. సినిమా, నవల, బొమ్మల పని చేసేవాళ్లకు ఇదే మొదటి తలుపు. కానీ ఆ రైతుల బట్టలు శుభ్రంగా, రంగులతో మెరుస్తుంటాయి. డబ్బిచ్చినవాడు చూడాలనుకున్న పల్లె అది.

## మరి మీకు ఏది?

చరిత్రలో పీజీ చేస్తూ ప్రాజెక్టు రాయాల్సినవాళ్లు కోర్టు చుట్టలు తీసుకోండి. మిగతావాటి మీద ఇప్పటికే బోలెడు రాశారు, మీరు కొత్త మాట చెప్పడం కష్టం. ఇక్కడ ఒక్క ఊరు, పదేళ్లు చాలు, లెక్క మీదే అవుతుంది. తోడుగా అదే ఊరి డూమ్స్‌డే పేరా పెట్టుకుంటే రెండు మూడు వందల ఏళ్ల మార్పు కళ్ల ముందుంటుంది.

ఆడవాళ్ల బతుకు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు బేయాత్రీస్, మార్గెరీతా పక్కపక్కన. ఒకరు భయంతో మాట్లాడారు, ఒకరు కోపంతో రాశారు. ఆ రెంటి మధ్య తేడా చూడటమే ఒక చదువు.

మతం కోసం వచ్చినవాళ్లు రిగోతో మొదలుపెట్టి ఫూర్నియేకి వెళ్లండి, ఎదురు దారిలో వద్దు. ముందు ఫూర్నియేను చదివితే చర్చి అంటే శిక్షలేనన్న ముద్ర పడిపోతుంది. రిగో దగ్గర అదే చర్చి తన ఇంటిని తానే ఊడ్చుకోవడానికి పడిన తంటా కనిపిస్తుంది.

కథలు, స్క్రిప్టులు రాసేవాళ్లు లట్రెల్ బొమ్మలు చూసి, మాట తీరు కోసం మోంతాయూకి వెళ్లండి. బొమ్మల్లో అరకకు నాలుగు ఎద్దులుంటాయి, డూమ్స్‌డే లెక్కలో ఒక అరక అంటే ఎనిమిది ఎద్దులు. ఇలాంటి చోట ఆగి ఎందుకని అడిగేవాళ్ల రాతలో నేల వాసన ఉంటుంది.

పోటీ పరీక్షల తయారీలో ఉండి రోజుకు గంట మించి ఇవ్వలేనివాళ్లు కోర్టు చుట్టలు ఇప్పుడు ముట్టుకోవద్దు. మార్గెరీతా ఉత్తరాలు రోజుకు రెండు చదవండి, మధ్యలో వారం మానేసినా తెగిపోదు.

ఇంతా చదివాక కూడా తేలకపోతే నేను చాలామందికి చెప్పే పరీక్ష ఒకటుంది. ఒక సాయంత్రం డూమ్స్‌డేలో ఏదైనా ఊరి పేరా చదవండి, పది నిమిషాల పని. మరుసటి సాయంత్రం బేయాత్రీస్ వాంగ్మూలం ఓ పదిహేను పేజీలు చదవండి. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటున్నప్పుడు ఏది గుర్తొస్తే, ఆ ఎద్దులా, ఆ సంచీనా, దానితో మొదలుపెట్టండి.